పిడి మీద గ్రీజు మరక

ఉదయం 11:22.

లైన్‌మన్ తన ఇంటి ముందున్న స్తంభం మీదే ప్రాణం వదిలాడు. నడుముకు బెల్టు ఉండబట్టి కింద పడలేదు. వీధి వీధంతా తలెత్తి చూస్తూ నిలబడిపోయింది.

11:50కి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ముందు పొట్ట, వెనక మనిషి. చూపు మాత్రం పొట్టకన్నా ముందే ఇల్లంతా తిరిగొచ్చేది.

అప్పటికే నేరస్తుడు సిద్ధంగా ఉన్నాడు. లైన్‌మన్ భార్యకు అన్న. ఊరి బయట నాలుగు వందల ఎకరాల సోలార్ ప్లాంట్‌లో ఆపరేటర్. ఈ వీధికి కరెంట్ అక్కడి నుంచే. లైన్‌మన్ ఫోన్ చేస్తే ఆపాల్సిందీ, వేయాల్సిందీ అతనే.

"నేనే సార్. మర్చిపోయి లైన్ వేసేశాను. తీసుకెళ్ళండి."

చాచిన చేతుల నిండా నల్లటి గ్రీజు.

ముప్పై ఏళ్ళ సర్వీసులో అడగకముందే ఒప్పుకున్నవాళ్ళను ఇన్‌స్పెక్టర్ ఇద్దర్నే చూశాడు. ఇద్దరూ అబద్ధమే చెప్పారు.

ముందు గదిలో లైన్‌మన్ తండ్రి మంచం మీద ఉన్నాడు. ముక్కులో ట్యూబ్. పక్కన ఆక్సిజన్ మిషన్.

"పెద్దాయనా, వాళ్ళిద్దరికీ పడేది కాదా?"

"రోజూ గొడవే బాబూ! నీ మేడమీది ఆరు ప్యానెళ్ళు నా ప్లాంట్ కాలిగోటికి చాలవు బావా అని వీడు. నీ వందల ఎకరాలు కరెంట్ పోయినప్పుడు మా నాన్నకి ఊపిరి పోస్తాయా బావా అని మావాడు. భోజనాలు చల్లారేదాకా అదే. మళ్ళీ ఒకే మంచం మీద నిద్రలు."

"ఇవాళ కరెంట్ ఎన్నింటికి పోయింది?"

"పోతేగా! మిషన్ కాసేపు కూత పెట్టింది. మళ్ళీ అందుకుంది."

ముసలాయనకు మతి చెదిరిందనుకుని కానిస్టేబుల్ ఆ మాట రాసుకోలేదు.

1:15. ప్లాంట్ కంట్రోల్ రూమ్.

"ఇక్కడ తుమ్మినా కంప్యూటర్ రాసుకుంటుంది సార్," అన్నాడు ఇంజనీర్. 11:05కి లైన్ ఆగింది. 12:31 దాకా ఎవరూ వేయలేదు. ఆపరేటర్ 11:30 వరకు ప్యానెళ్ళు తిప్పే గేర్లకు గ్రీజు పెడుతున్నాడు. ఫోన్ రాగానే బండెక్కి పరుగెత్తాడు.

"మరి ఇంటి మీది ఆరు ప్యానెళ్ళు?"

"లైన్ ఆగితే అవీ ఆగాలి. ఆగకుండా వైరు కలుపుకుంటే, కరెంట్ వీధి స్తంభం ఎక్కకుండా ఇంటిని లైన్ నుంచి విడదీసే ఓ పిడి దించాలి. మాకు కంప్యూటర్ ఉంది సార్. వాళ్ళకు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంట్లో మనుషులే."

3:00. ముందు గదిలో అందరూ ఉన్నారు.

"మెట్ల కింద పిడి చూశాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "దించే ఉంది. దాని మీద పచ్చి గ్రీజు, నాలుగు వేళ్ళ మరక. దించింది నువ్వు. అతను పోయాక. ఎవరి కోసం?"

ఆపరేటర్ తల వంచుకున్నాడు. "కేసు నా మీదే రాయండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటా. ఇంకేం అడక్కండి."

"రాస్తే నువ్వు జైలుకి పోతావు. ఈ వీధిలో ఇలాంటి పిడులు ఇంకా పదకొండున్నాయి. రేపు ఇంకో లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు."

గుమ్మంలో నిలబడ్డ లైన్‌మన్ భార్య నోరు విప్పింది.

"పిడి దించావా అని స్తంభం ఎక్కబోతూ అడిగారన్నయ్యా. ఆఁ అన్నాను. రోజూ అనే మాటేగా. అప్పటికి మిషన్ చిన్న బ్యాటరీ మీద నడుస్తోంది. అది అయిపోయి కూత పెట్టింది. మామయ్య పెదాలు నీలంగా... పరుగెత్తి ప్యానెళ్ళ స్విచ్ వేశాను. పిడి సంగతి..."



పెద్దాయన ట్యూబ్ లాగి పడేశాడు. "వాణ్ణి మింగిన ఊపిరి నాకెందుకే తల్లీ?"

ఇన్‌స్పెక్టర్ కదలబోయాడు. ఆమే ముందు కదిలింది. ట్యూబ్ తీసి, తుడిచి, మళ్ళీ ఆయన ముక్కుకు పెట్టింది. చెయ్యి తియ్యలేదు.

"పీల్చండి మామయ్యా. మిమ్మల్ని చూసుకుంటానని ఆయనకి మాటిచ్చాను. ఒక మాట తప్పాను. ఇది కూడా తప్పించకండి."