గుడ్డు పగిలితే వయొలిన్ వెళ్ళదు

"ఇందులో ఏముందండీ? పసిపిల్లా?" అన్నాడు పార్సెల్ ఆఫీసు కుర్రాడు.

అలా అడగడంలో తప్పేమీ లేదు. బయట కుండపోత వాన. ఆ అమ్మాయి తను తడుస్తూ గొడుగంతా చేతిలోని మూటకే పట్టుకొచ్చింది. మూటకి రెండు దుప్పట్లు, ఒక మగవాళ్ళ స్వెట్టరు, నాలుగు పక్కలా ఎర్ర ఇంకుతో 'జాగ్రత్త' అని రాసిన కాగితాలు. ఇంకు కారిపోయి లోపల ఎవరికో దెబ్బలు తగిలినట్టుంది.

"వయొలిన్. నేనే చేశాను."

"జాగ్రత్త అని రాస్తే సరిపోదండీ. అది చదివేవాళ్ళు పార్సెల్ విసరరు. విసిరేవాళ్ళు చదవరు."

"మరి మీరేం చేస్తారు?"

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని అతను ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ కాచుకుని ఉన్నాడు. ఆఫీసులో అందరూ అతన్ని 'బబుల్ ర్యాప్ బాబు' అనేది ఊరికే కాదు. తీగలు కొంచెం వదులు చెయ్యాలన్నాడు. వాటిని ఎత్తిపట్టే చిన్న చెక్కకి అటూ ఇటూ స్పాంజి పెట్టాలన్నాడు. వయొలిన్ దాని పెట్టెలో కదలకూడదు, ఆ పెట్టె అట్టపెట్టెలో కదలకూడదు.

"ఆ తర్వాత గుడ్డు పరీక్ష," అన్నాడు.

"ఏంటి?"

"ముందు వయొలిన్ బదులు ఒక పచ్చి గుడ్డు పెట్టి ప్యాక్ చేస్తా. మన మెట్ల మీంచి దొర్లిస్తా. గుడ్డు బతికితే వయొలిన్ బయల్దేరుతుంది. పగిలితే మళ్ళీ మొదట్నుంచి."

"కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదేనేమో," అని ఆమె నవ్వింది. ఆ నవ్వు చూస్తూ టేపు లాగిన బాబు తన చొక్కా చెయ్యిని బల్లకి అంటించేసుకున్నాడు.

ఆమె మాత్రం నిజంగానే భయపడుతోంది. తండ్రి చెయ్యి పడకుండా ఆమె చేసిన మొదటి వయొలిన్ అది. క్షేమంగా చేరి, కొన్నావిడ చేతిలో బాగా మోగితే తన వయొలిన్ల షాపు బోర్డు మీద తన పేరు పక్కన కూతురి పేరూ రాయిస్తానన్నాడు ఆయన. చిన్న చీలిక పట్టినా మళ్ళీ ఆయన పక్కన జిగురు కాచుకుంటూ కూర్చోవాల్సిందే.

మర్నాడు ఖాళీ వయొలిన్ పెట్టె, గుడ్డు పట్టుకుని వచ్చింది. పార్సెల్ మెట్ల మీంచి దబదబా దొర్లింది. బాబు దాన్ని తెర వెనక్కి తీసుకెళ్ళి విప్పాడు. గుడ్డు చెక్కు చెదరలేదు. కాలరెగరేసుకోవాల్సిన సమయమే గానీ, అతనికి గుండె జారింది. వయొలిన్ వెళ్ళిపోతే ఈ అమ్మాయి మళ్ళీ ఎందుకు వస్తుంది?

"పగిలిపోయిందండీ," అనేశాడు.

ఆ మర్నాడూ పగిలింది. ఆ తర్వాతా పగిలింది. పగలని గుడ్లు సాయంత్రానికి అతని జేబులో ఇల్లు చేరేవి.

"ఏరా, మీ ఆఫీసులో జీతం బదులు గుడ్లిస్తున్నారా?" అంది వాళ్ళమ్మ, ఆమ్లెట్ తిప్పుతూ.

పరీక్షల మధ్య కబుర్లు సాగాయి. ఆమెకి కనిపించిన చెక్కనల్లా వేలితో తట్టి చూసే అలవాటు. "మీ బల్ల గొంతు బాగుంది," అంది ఒకరోజు. ఆ రాత్రి బాబు ఇంట్లో బీరువా, తలుపు, మంచం తట్టి చూశాడు. దేని గొంతూ అతనికి అర్థం కాలేదు.

ఒకరోజు ఆమె వయొలిన్‌ని కూడా ఆ స్వెట్టరులో చుట్టుకుని, ఎందుకో తొందరగా వచ్చింది. పార్సెల్ దొర్లింది. తెర వెనక నుంచి బాబు నిట్టూర్చాడు.

"ఈసారీ పగిలిందండీ. సొనంతా కారిపోయింది."

"కారిపోయిందా?"

"తెల్లసొన, పచ్చసొన, మొత్తం."

"పొద్దున నేనే ఉడకబెట్టాను దాన్ని."

ఆమె తెర లాగింది. బాబు చేతిలో గుడ్డుతో తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు.

"రోజూ పెట్టె ఇంటికి తీసుకెళ్ళేదాన్ని. లోపల మఖమల్ మీద ఒక్క మరకా లేదు. నాకు మొదట్నుంచీ తెలుసు," అంది.

"వయొలిన్ వెళ్ళిపోతే మీరు రారని..." అన్నాడు. ఉన్నమాట అంతే.

"కొన్నావిడ కచేరీ ఈ వారంలోనే. ఇవాళ పంపకపోతే అందదు."

బాబు ముఖం పాలిపోయింది. "అంత తొందరుంటే ముందే చెప్పాలి కదండీ."

"చెప్తే మొదటి రోజే పంపేసేవాడివి."

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఈలోగా ఆమె గుడ్డు ఒలిచి సగం అతని చేతిలో పెట్టింది. ఇద్దరూ ఎర్రబడ్డ ముఖాలతో, ఉప్పు కూడా లేకుండా తినేశారు. అప్పుడతను వయొలిన్ ప్యాక్ చేశాడు. తన ప్రాణాన్నే అందులో పెట్టినట్టు చేశాడు. చివరికి ఒక మూల ఖాళీ మిగిలితే స్వెట్టరు కూడా కుక్కాడు.

ఆ తర్వాత పార్సెల్ చేరేదాకా ఇద్దరికీ ముద్ద దిగలేదు.

కబురు రావాల్సిన రోజు ఆమె కౌంటర్ దగ్గరే కూర్చుంది. ఆమె వెనకే ఒక పెద్దాయన చలికి చేతులు కట్టుకుని వచ్చాడు.

"గుడ్ల కుర్రాడివి నువ్వేనా? నా స్వెట్టరేదయ్యా?"

బాబు నోరు తెరిచేలోగా ఆమె ఫోను మోగింది. స్పీకరు నొక్కితే అవతల ఎవరూ హలో అనలేదు. వయొలిన్ మాత్రం మోగింది. పెద్దాయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"నా మొదటిదానికన్నా బాగుంది," అన్నాడాయన.

ఆమె ఏడ్చేసింది. బాబు కంగారుగా బబుల్ ర్యాప్ ముక్క అందించాడు. ఆమె దాంతోనే కళ్ళు తుడుచుకుంది.

"బోర్డు రాయిస్తాను. నా పేరు, మా అమ్మాయి పేరు," అంటూ పెద్దాయన బాబుని ఎగాదిగా చూశాడు. "మూడో పేరుకి చోటు వదలమంటావా, అమ్మా?"

"తొందరపడకు నాన్నా. ముందు ఇతన్ని మెట్ల మీంచి దొర్లించి చూద్దాం. పగలకపోతే రాయిద్దాం."

"ఏ మెట్లండీ?" అన్నాడు బాబు, అప్పటికే చొక్కా చేతులు మడుచుకుంటూ.