తల్లి రొయ్యల ట్యాంక్

వన్ టౌన్ సందులో ఆటో ఆగింది. ఐజాక్ దిగి నాలుగడుగులు వేశాడో లేదో, వెనక సైలెన్సర్ పిస్టల్ ఒక్కసారి దగ్గింది. ఉల్లిపాయల బస్తాల మధ్య బోర్లా పడ్డాడు. అతని ఫోన్‌లో పంపకుండా మిగిలిపోయిన మెసేజ్ ఒకటి ఉంది. "పూజ రోజు." అంతే.

పోర్టు దగ్గర ఓ కోల్డ్ స్టోరేజీ వెనక గది. సీక్రెట్ సర్వీస్ చీఫ్ శ్రీరామ్మూర్తి ఆ ఫోన్‌ని బల్ల మీద పెట్టాడు.

"ఐజాక్ మనవాడు. యూనివర్సిటీ సముద్రజీవుల ల్యాబ్‌లో పంప్ ఆపరేటర్‌గా పెట్టాం. చంపింది బ్లాక్ టైడ్. విదేశీ ముఠా."

"ల్యాబ్‌లో వాళ్ళకేం పని సార్?" ఏజెంట్ గౌరీశ్వరి అడిగింది.

"అక్కడొక ట్యాంక్‌లో తల్లి రొయ్యలున్నాయి. ఏ రోగమూ లేని జాతి. వచ్చే సీజన్‌లో కోస్తా చెరువుల్లో వేసే రొయ్య పిల్లంతా వాటి కడుపులోంచే రావాలి. ఆ నీళ్ళలో తెల్లమచ్చ వైరస్ పడిందా, తల్లులు పోతాయి. ఇక మన రైతులు పిల్ల కోసం బ్లాక్ టైడ్ కాళ్ళ మీద పడాలి."

 గౌరీశ్వరి అన్నయ్య చెరువులు తెల్లమచ్చతోనే పోయాయి. ఇప్పుడాయన మధురవాడలో అపార్ట్‌మెంట్ గేటు తీస్తున్నాడు.

"నన్ను పంపండి."

"అందుకే పిలిచాను. లోపల ఏజెంట్ హిమబిందు ఉంది, విజిటింగ్ సైంటిస్ట్ వేషంలో. గుర్తుకి చేపల పేర్లు. 'కోనాం వచ్చిందా?' అంటుంది. 'కవ్వళ్ళే' అని చెప్పు."

"నా వేషం?"

"దేముడమ్మ. రొయ్యల మేతకి స్క్విడ్ ముక్కలు కోసే మనిషి."

"ప్రమోషనే సార్."

ఉంగరంలో మత్తుసూది, గాజులో ట్రాన్స్‌మీటర్, ముక్కుపుడకలో కెమెరా. అన్నీ పెట్టుకుని బయల్దేరింది.

ల్యాబ్ గుమ్మంలో ట్యాంక్ ఇన్‌చార్జ్ కామరాజు ప్లాస్టిక్ ట్రేతో అడ్డంగా నిలబడ్డాడు.

"తియ్యి."

"ఏటి బాబూ?"

"ఒంటి మీదున్నయన్నీ. ఉంగరం, గాజులు, ఆ ముక్కుపుడక. ఇనప ముక్క కూడా లోపలికి రాకూడదు. సెంటు గింటు పూసుకున్నావేటి?"

"స్క్విడ్ కోసీదాన్ని, నాకు సెంటేటి బాబూ."

"నోరెక్కువే నీకు. కాళ్ళు ఆ మందునీళ్ళలో ముంచు. సేతులు కూడా. ఊఁ, మళ్ళీ ముంచు."

డిపార్ట్‌మెంట్ గాడ్జెట్లన్నీ ట్రేలో పడ్డాయి. గౌరీశ్వరి ఉత్త చేతులతో లోపలికి నడిచింది.

సముద్రపు నీరు ఇసుక ఫిల్టర్ దాటి సంపులోకి దిగుతోంది. సంపు నుంచి పంప్ దాన్ని తోడి యూవీ లైట్ గుండా పంపుతుంది. ఆ లైట్ కింద క్రిములు చచ్చాకే నీరు తల్లుల ట్యాంక్‌కి చేరుతుంది. కామరాజు ఆ ట్యాంక్ దగ్గర, జ్వరం బిడ్డ పక్కన తల్లిలా, నీళ్ళకేసే చూస్తూ కూర్చుంటాడు. ఎవరైనా దగ్గరికొస్తే కసురుతాడు.

"కోనాం వచ్చిందా?"

గౌరీశ్వరి వెనక్కి తిరిగింది. పట్టుచీర, హైహీల్స్, చేతినిండా ఉంగరాలు. గెస్ట్ కాబట్టి అవి తీసి ట్రేలో పెట్టమని అడిగే ధైర్యం కామరాజుకి లేదు.

"కవ్వళ్ళే."

"ఈ నీచు వాసన నీకు బాగా కుదిరింది, గౌరీ." హిమబిందు ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుంది.

"ట్రైనింగ్‌లో కూడా మురికి పని నాకే వదిలేదానివిగా."

"పూజ టైంకి బీచ్‌లో పంప్‌హౌస్‌కి పో. దాడి అక్కడే. ఇక్కడ నేను చూసుకుంటాను. ఇది ఆర్డర్."

ఆయుధ పూజ రోజు. గౌరీశ్వరి గుమ్మం దాకా వచ్చేసరికి కామరాజు కళ్ళెర్రజేశాడు.

"పూజొగ్గీసి ఎక్కడికెల్తన్నావ్?"

"బయట పనుంది బాబూ."

"ఈ రోజు పనేటి? నీ కత్తిక్కూడా బొట్టెట్టాల. కదిలినావంటే రేపట్నుంచి రావక్కర్లేదు."

పోతే అనుమానం. ఆగిపోయింది, స్క్విడ్ బేసిన్ చంకలో పెట్టుకుని.

ఏటా లాగే మెషీన్లకి కాసేపు విశ్రాంతి ఇచ్చారు. పంప్ ఆగింది. యూవీ లైట్ ఆరింది. గాలి పంపే బ్లోయర్ ఆపితే తల్లులకి ఊపిరాడదు, దానికి మాత్రం తిరుగుతుండగానే బొట్టు పెట్టారు. కొబ్బరికాయ పగిలింది. హిమబిందు రాగి చెంబుతో ముందుకొచ్చింది.

"సింహాచలం గంగధార నీళ్ళు. పొద్దున్నే కొండెక్కి తెచ్చాను. సంపులో పోస్తే తల్లులకి దిష్టి పోతుంది."

కామరాజు చేతులు జోడించాడు. "ముందు మాకు తీర్థం పొయ్యండి మేడం."

"ఇది ట్యాంక్ కోసం, కామరాజూ."

"సామి తీర్థం గుమ్మంలోకొచ్చి, నోట్లో పడకుండా ఎలిపోద్దేటి? పొయ్యండి."

దోసిలి చాచాడు. వెనక పనివాళ్ళంతా వరస కట్టేశారు. హిమబిందు పెదవులు నవ్వాయి, కళ్ళు నవ్వలేదు. తలా ఒక చుక్క పోసింది. కామరాజు కళ్ళు మూసుకుని తాగి, చెయ్యి నెత్తికి రాసుకున్నాడు. పొద్దస్తమానం సముద్రపు నీళ్ళలో నానే మనుషులు, వాళ్ళ పెదాలు ఎప్పుడూ ఉప్పగానే ఉంటాయి. ఎవరికీ ఏ తేడా తెలియలేదు.

చివర నిలబడ్డ గౌరీశ్వరి నాలుకకి తెలిసింది. ఉప్పు!

కొండ మీది ఊట నీరు ఉప్పగా ఎందుకుంటుంది? ఉప్పునీళ్ళలో బతికేదేదో అందులో ఉండాలి. యూవీ లైట్ ఆరి ఉంది; మళ్ళీ వేసినా అది వేడెక్కి క్రిముల్ని చంపేలోపే పంప్ ఈ నీటిని తల్లులకి చేర్చేస్తుంది.

"హిమా! చెంబు కింద పెట్టు!"

"మేడం అనాలి, దేముడమ్మా." హిమబిందు అప్పటికే సంపు అంచున ఉంది.

"ఏటే, మేడంని పేరెట్టి పిలుస్తావా?" కామరాజు గౌరీశ్వరి మోచెయ్యి పట్టి వెనక్కి లాగాడు.

చెంబు వంగింది.

గౌరీశ్వరి గమ్‌బూటుతో అతని పాదం తొక్కింది. పట్టు సడలింది. తడి నేల మీద బోర్లా జారుతూ బేసిన్‌ని సంపు నోటికి అడ్డం పెట్టింది. నీళ్ళు స్క్విడ్ ముక్కల మీద పడ్డాయి.

"బ్లాక్ టైడ్‌కి అమ్ముడుపోయి ఐజాక్‌ని చంపించింది నువ్వేనా?"

"వాడికి మెసేజ్‌లు పెట్టే సరదా ఎక్కువైంది. నీకు అడ్డొచ్చే సరదా ఎక్కువైంది."

హిమబిందు ఉంగరంలోంచి సూది బయటికొచ్చింది. చెయ్యి మెడ మీదికి దిగుతుండగా గౌరీశ్వరి ఆ హైహీల్‌ని పట్టి లాగింది. హిమబిందు వెల్లకిలా పడింది. సూది ఆమె తొడలోనే దిగింది. కళ్ళు మూతలు పడ్డాయి.

అప్పుడు చూసింది గౌరీశ్వరి. బేసిన్ పక్కనుంచి సన్నటి ధార ఒకటి సంపు అంచు దాటి లోపలికి జారుతోంది. నీటికి జానెడు దూరం. చీర కొంగు లాగి అదిమింది. బిడ్డ మూతి తుడిచినట్టు పైదాకా తుడిచేసింది. ఒక్క చుక్క కూడా నీళ్ళలో పడలేదు.

ట్యాంక్‌లో తల్లులు మీసాలాడిస్తూ తిరుగుతున్నాయి.

పోలీసులు హిమబిందుని స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. కామరాజు బేసిన్‌లో, కొంగు మీద, నేల మీద బ్లీచింగ్ కుమ్మరించాడు. కుంటుతూనే గౌరీశ్వరి దగ్గరికొచ్చాడు.

"నాను ఆ నీళ్ళు తాగీసినాను కదా. నాకేటైపోద్ది?"

"ఏం కాదు. అది రొయ్యలకి వచ్చే రోగమే."

అతను నిట్టూర్చాడు. అంతలోనే మొహం మళ్ళీ ముడుచుకుంది.

"అంటే గంగధార నీళ్ళు కావన్నమాట."

"కావు."

"మరయితే నెత్తికి కూడా రాసుకున్నాను, పున్నెం రాదేటి? కేసులో ముందు ఆ ముక్క రాయించండి!"