మూడు రోజుల్లో అభ్యంతరం లేకపోతే

“నీ జాబితా ముసలి గాడిదైపోయింది బెగిమాయ్. వారానికి రెండుసార్లు కూలబడుతోంది.”

“ఆరేళ్ళు అందరి బరువూ మోసినప్పుడు గుర్రంలా కనిపించిందా?”

ఉలుక్‌మాన్ నవ్వలేదు. బిష్కెక్‌లో ఎప్పుడూ కలుసుకునే ఆ టీ దుకాణంలోనే లాప్‌టాప్ తెరిచి ప్రతిపాదన పంపేశాడు.

కిర్గిజ్ భాషకు ఉచిత కీబోర్డు తయారుచేసే నలభై మంది గుంపు వాళ్ళది. జీతాల్లేవు, మేనేజరు లేడు. ఎక్కడ తప్పు దొరికినా ఒక ఉమ్మడి జాబితాలో రాసుకుంటారు. దాన్ని తన సర్వర్‌లో నడుపుతున్నది బెగిమాయ్. అది మూసేసి, తప్పుల లెక్క చూసే కొత్త ట్రాకర్‌కు మారదామని అతని ప్రతిపాదన. తేలని తప్పుల పేర్లు మాత్రం కొత్తదానికి వెళ్తాయి, వాటి కింద రాసుకున్న జవాబులు వెళ్ళవు. గుంపు కట్టుబాటు ఒకటే. మూడు రోజుల్లో ఎవరూ కారణం చూపి అభ్యంతరం రాయకపోతే అందరూ ఒప్పుకున్నట్టే.

బెగిమాయ్‌కు వెంటనే గుర్తొచ్చింది ఒక్కటే. నాలుగువందల పన్నెండో తప్పు, ఒక అక్షరం సరిగ్గా పడకపోవడం, పది నిమిషాల పని. మూడేళ్ళుగా తనూ ఉలుక్‌మానూ కావాలనే దాన్ని సరిచేయలేదు. దాని కింద రెండువందల జవాబులున్నాయి. మొదట్లో అక్షరం గురించి, తర్వాత అతని అమ్మ ఆపరేషన్ గురించి, ఆమె ఒంటరి ఆదివారాల గురించి. ఎదురుపడితే ఎకసెక్కాలాడుకునే ఇద్దరూ అక్కడ మనసు విప్పుకునేవారు. అంత పాత తప్పును తెరిచి చూసే తీరిక ఇంకెవరికీ లేదు.

అవన్నీ పోతాయని అతనికి తెలియదా? తెలిసే పంపాడంటే అక్కర్లేదనేగా! అక్కర్లేనివాణ్ణి బతిమాలుకోవడమా? ఆమె ఏమీ రాయలేదు.

మూడు రోజులూ చలికాలపు బొగ్గు కుంపట్ల పొగ ఊరి మీద నుంచి కదల్లేదు. మూడో మధ్యాహ్నం గుంపులో పెద్దాయన సబిర్ బైకె ఫోన్ చేశాడు.

“గడువైపోయింది తల్లీ. ఎవరూ కాదనలేదు. నీ చేత్తోనే తీసెయ్యి.”

తన కోసం ఒక కాపీ దాచుకోవచ్చు. పంతం దాచుకోనివ్వలేదు. అంతా తుడిచేసి, టీ దుకాణానికి వెళ్ళి కూర్చుంది.

మంచు కలిసిన వానలో తడిసి ఉలుక్‌మాన్ వచ్చాడు.

“నిజంగానే తీసేశావా?”

“నువ్వడిగిందేగా.”

“నువ్వు కాదంటావని అడిగాను! మూడేళ్ళు ఒక అక్షరం చాటునే మాట్లాడుకున్నాం. మూసేస్తానంటేనైనా నువ్వు కారణం బయటపెడతావనుకున్నా. ఒక్క ముక్క రాస్తే నేనే వెనక్కి తీసుకునేవాణ్ణి.”

“నలభై మంది ముందు నేను రాయాలా? నీకు నోరు లేదా?”

“ధైర్యం లేదు. కాపీ ఉందా?”

“లేదు.”

అతను కుర్చీలో కూలబడ్డాడు. ఆమెకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఇద్దరి బింకానికీ రెండువందల జవాబులు బలైపోయాయి.

“నువ్వంటే నాకు ఇష్టం,” అన్నాడతను బల్ల వైపే చూస్తూ. “మూడేళ్ళ నుంచీ.”

బెగిమాయ్ వెంటనే బదులివ్వలేదు. అతను తలెత్తి ఎదురుచూశాడు. మౌనం అర్ధాంగీకారమంటారు. అలా ఊరుకుని పోగొట్టుకున్నది చాలనిపించింది ఆమెకు.

“నాకూ ఇష్టమే,” అంది, పక్క బల్లలవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా.