కొండ దిగిన ముడుపు

"వారంట్ రాకముందే వాడి ఒంటిమీద చెయ్యి వేసినావంటే కేసు కోర్టులో నిలవదు. వాడు బయటికొస్తాడు. ఆపైన దేవకమ్మ బతకదు."

చిత్తూరు నిఘా ఆఫీసులో చీఫ్ జయరావు చెప్పిన ఆ మాటలే ఏజెంట్ రాజారత్నం చెవుల్లో ఇంకా మోగుతున్నాయి. 1947 వేసవి. విదేశాలకు డబ్బు పంపే అనుమతుల కోసం బ్యాంకుల ముందు జనం బారులు తీరుతున్నారు. అనుమతి లేకుండా రూపాయలు దేశం దాటించరాదని కొత్త చట్టం వచ్చింది. అయితే మేజిస్ట్రేట్ వారంట్ లేనిదే మనిషిని సోదా చెయ్యరాదని అదే చట్టం ఆఫీసర్ల చేతులూ కట్టేసింది.

తిరుపతి స్టేషన్లో రాజారత్నం గూడూరు నిమ్మకాయల వ్యాపారి వేషంలో బుట్టతో నిలబడ్డాడు. మద్రాసు బండికి ఇంకా ఐదు నిమిషాలుంది. వారంట్ తెచ్చే చిత్తూరు బస్సు జాడ లేదు.

ఎదురుగా కొలంబో ముఠాకు దొంగచాటుగా డబ్బు మోసే కొరియర్. గుండు, గంధం, నడుముకు పసుపుగుడ్డ ముడుపు. పక్కన పెళ్లాం వేషంలో పట్టుచీర కట్టిన దేవకమ్మ. ముఠా తన మనిషే అనుకున్నా, నిజానికి జయరావు పంపిన డబుల్ ఏజెంట్. ఆమె జడలోని మల్లెపూలు తీసి నేలమీద పడేసింది. అది కోడ్: 'నన్ను కనిపెట్టేశారు.' కండువా చాటున కొరియర్ కత్తి ఆమె డొక్కకు ఆనుకుని ఉంది.

రాజారత్నం మీదికి దూకితే కత్తి దిగుతుంది. వాళ్లు బండెక్కితే ఆమెను మళ్లీ ప్రాణాలతో చూడలేడు. అప్పుడు ముడుపు మీద చూపు ఆగింది. గుండు చేయించుకున్నవాడు ముడుపు హుండీలో వెయ్యకుండా కిందికి తెచ్చేశాడు! వాడికి వేషం నేర్పినవాళ్లు ఎన్నడూ మొక్కుకుని ఎరగరు.

పక్కనున్న ముసలామెను గట్టిగా అడిగాడు. "అవ్వా, కొండ దిగినాక గూడా ముడుపు నడుముకే ఉంటాదా?"

ఆ ముసలామె మునిరత్నమ్మ అటు చూసి దిగ్గున లేచింది. "ఏమప్పా! స్వామి సొమ్ము యాడికి ఎత్తుకుపోతుండావు?"

"మద్రాసు గుడికి" అన్నాడు కొరియర్ తడబడుతూ.

"ఏడుకొండలోడి ముడుపు మద్రాసులో ఏస్తావా!"

యాత్రికులు మూగారు. బండి కూత వేసింది. వాడు దేవకమ్మను రైలుపెట్టె వైపు లాగాడు. మునిరత్నమ్మ ముడుపు పట్టుకుని గుంజింది. ముడి ఊడి నోట్ల కట్టలు, ముఠా పేర్ల జాబితా ప్లాట్‌ఫారం మీద పడ్డాయి. వాటిని ఏరుకోబోయి వాడు కత్తి వదిలేశాడు. నేలమీద అందరికీ కనబడేదాన్ని తీసుకోడానికి వారంట్ అక్కర్లేదు. యాత్రికులు వాణ్ణి కదలనివ్వలేదు, రాజారత్నం వాటిని తీసుకున్నాడు. దేవకమ్మ అతని చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

సాయంత్రం జయరావు రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాడు. "ముడుపు ఎవరు విప్పించినారని రాయమంటావు?"

"వెంకటేశ్వరస్వామి అని రాయండి సార్. ఆయన్ని క్రాస్ ఎగ్జామినేషన్‌కు ఏ లాయరూ పిలవలేడు."