శాలువా కింద ఆరు అంకెలు

"దొంగ క్రౌడ్‌లో ఉన్నాడు. గుంటూరు వెళ్ళు."

ఫోన్‌లో బాస్ మాట ఏజెంట్ జయరావుకి అలాగే వినపడింది. గుంటూరులో క్రౌడ్ అంటే మిర్చి యార్డే. హమాలీ వేషం వేసుకుని రెండు రోజులు ఆ జనంలో తిరిగాడు. నలభై మందిని అనుమానించాడు, నాలుగొందల సార్లు తుమ్మాడు. రహస్యంగా తుమ్మడం ఏ ట్రైనింగులోనూ నేర్పరు. మూడోరోజు బాస్ ఫోన్‌లో అరిచాడు.

"క్రౌడ్ కాదయ్యా, క్లౌడ్! ల! లడ్డూలో ల!"

అలా మొదలైంది ఆపరేషన్ ఎర్రమబ్బు.

బ్రీఫింగ్ రెండు నిమిషాలు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోని కోల్డ్ స్టోరేజీలు కొన్ని సంఘం పెట్టుకుని, ఏ రైతు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఏ గదిలో ఉన్నాయో ఆ డేటా మొత్తం క్లౌడ్‌లోకి ఎక్కించాయి. దాని మీద 'స్కార్లెట్' అనే విదేశీ ముఠా కన్నేసింది. లోపలికి దూరి రైతుల పేర్లు చెరిపి బినామీ పేర్లు రాస్తే చాలు, బస్తాలన్నీ దర్జాగా ఓడెక్కుతాయి.

"నీ కవర్ డేటా కన్సల్టెంట్. డేటా గురించి ఏం తెలుసు నీకు?"

"సాయంత్రానికల్లా అయిపోతుందని తెలుసు సార్."

"కాన్ఫరెన్సులకి వెళ్ళి నేర్చుకో."

వెళ్ళాడు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, విశాఖ. ఏడు నెలల్లో తొమ్మిది కాన్ఫరెన్సులు. మెడలో ట్యాగు, భుజాన సంచీ, నోట్లో సమోసా. మొదటి మూడింటిలో భోజనం ఒక్కటే అర్థమైంది. నాలుగోదాంట్లో ఉపన్యాసం కూడా అర్థమైంది. ఇబ్బంది అక్కడే వచ్చింది. ఆరో దాంట్లో తనే స్టేజీ ఎక్కి, బ్యాకప్ గురించి మొదలుపెట్టి, నిర్వాహకులు ప్యాకప్ చెప్పేదాకా దిగలేదు.

వేషం ఇంకా గట్టిపడాలని ఊళ్ళ మీద కూడా పడ్డాడు. కనిగిరి దగ్గర ఒక చర్చి ఆవరణలో రైతుల్ని కూర్చోబెట్టి, "సరుకు దాచినట్టు ఇంకా ఈ కాగితం బాండ్లెందుకండీ? చెదలు తింటాయి, వాన తడుపుతుంది. క్లౌడ్‌కి చెదలు పట్టవు!" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు ఆ తర్వాత చాలా రోజులు అతని చెవుల్లో మోగుతూనే ఉన్నాయి, చెంపదెబ్బల్లాగా.

ఇప్పుడు పదో కాన్ఫరెన్సు. గుంటూరు బైపాస్ పక్కన కన్వెన్షన్ హాలు. ముందువరసలో అతని పక్కన కౌలురైతు ఎలీసమ్మ కూర్చుంది. ఆరోజు చర్చి దగ్గర అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆవిడే. ఇవాళ 'డిజిటల్ రైతు'గా ఆవిడకి సత్కారం.

"అమ్మా, బాండు దాచుకున్నారుగా?" అని అడిగాడు జయరావు, ఆశగా.

"ఇంకెక్కడి బాండు బాబూ! నువ్వేగా అక్కర్లేదంది? పొయ్యిలో పెట్టా. ఆ పూట టీ భలే కాగింది."

"ఎన్ని టిక్కీలు?"

"ఎనభై. నేనూ నా కోడలూ నడుములు విరగ్గొట్టుకుంటే వచ్చినయ్. ఏం, మబ్బులో పదిలంగానే ఉన్నయ్‌గా?"

"ఉన్నాయమ్మా."

ఆ ఒక్క మాట అనడానికి అతనికి పచ్చిమిరపకాయ నమిలినంత పనయింది. తొమ్మిది కాన్ఫరెన్సుల్లో కోడ్ గురించి నేర్చుకున్నాడు గానీ, ఆవిడ గోడు గురించి ఒక్క స్లైడూ ఎవరూ చూపించలేదు.

పరిస్థితి ఇదీ. డిపార్టుమెంటు వాళ్ళు హాల్లో జామర్ పెట్టారు. ఫోన్లన్నీ గేటు దగ్గరే తీసుకున్నారు. ఆ డేటాని మార్చాలంటే ఆరంకెల పాస్‌కోడ్ కావాలి. అది ఏరోజుకారోజు ఉదయం పదకొండింటికి మారుతుంది, సంఘం సెక్రటరీ వేణుగోపాల్‌కి ఒక్కడికే తెలుస్తుంది. పదకొండున్నరకి విదేశం నుంచి వచ్చిన డాక్టర్ మార్క్ స్టేజీ మీద, కేబుల్ కలిపిన ల్యాప్‌టాప్‌తో డెమో ఇస్తాడు. మార్క్ స్కార్లెట్ మనిషని జయరావుకి తెలుసు. రుజువే లేదు. అతను ఆ కోడ్ కొడుతుండగా పట్టుకోవాలి. కొట్టాక పట్టుకుంటే లాభం లేదు.

కానీ కోడ్ అతనికి చేరేదెలా? ఫోన్ లేదు, చీటీ లేదు, సెక్రటరీ చుట్టుపక్కలకి మార్క్ పొద్దుట్నుంచీ రాలేదు.

మంగళగిరి పట్టుచీరలో యాంకర్ శిల్ప అటుగా వచ్చింది. ముఠాలో ఉన్న మన మనిషి. అంటే, బాస్ నమ్మకం ప్రకారం.

"మబ్బు పట్టిందండీ," అంది నవ్వుతూ.

"గొడుగు తెచ్చానండీ," అన్నాడు జయరావు.

కోడ్‌వర్డ్స్ కలిశాయి. శిల్ప గొంతు తగ్గించింది. "బొకేలో చూడండి."

జయరావు బల్ల మీది బొకే లాక్కుని రేకు రేకూ విప్పాడు. పదహారు గులాబీలు, ఒక ముల్లు. ముల్లు వేల్లో దిగింది. స్టేజీ మీద వేణుగోపాల్ డాక్టర్ మార్క్‌కి శాలువా కప్పుతున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు.

ఎలీసమ్మ అతని చొక్కా పట్టి లాగింది. "బాబూ, ఆ దొరకి ఎడ్లు అమ్ముతున్నారా ఏంది?"

"ఎడ్లేంటమ్మా?"

"అదుగో, శాలువా కింద చేతులు! సంతలో మా ఆయన తువ్వాలు కింద ఇట్టాగే బేరమాడేవాడు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత అంకె. పక్కనోళ్ళకి తెలవకూడదని. సన్మానానికొచ్చినోడి భుజం అట్టా ఎగురుద్దా? ఇప్పటికి ఐదుసార్లు ఎగిరింది... ఇదుగో, ఆరు!"

శిల్ప బొకే చూడమన్నది స్టేజీ వైపు చూడనివ్వకుండానే! జయరావు బొకే అవతల పారేశాడు.

అప్పటికే మార్క్ ల్యాప్‌టాప్ ముందుకి చేరాడు. ఒకటో అంకె నొక్కాడు. రెండు. తుపాకీ తియ్యడానికి లేదు, హాల్లో ఆరొందల మంది రైతులు ఉన్నారు. మూడు. మెట్ల పక్కన పళ్ళెంలో ఎలీసమ్మకని తెచ్చిన శాలువా ఉంది. జయరావు దాన్ని అందుకుని ఒక్క గంతులో స్టేజీ ఎక్కాడు.

"డాక్టర్ గారికి రైతుల తరఫున మరో చిరు సత్కారం!"

నాలుగు. ఐదు.

మన స్టేజీల మీద శాలువా వద్దన్నవాళ్ళు ఇంతవరకు లేరు. మార్క్ కూడా అలవాటుగా నవ్వి మెడ వంచాడు. జయరావు శాలువాని మెడ మీద కాక తల మీంచి దించి, గట్టిగా కావలించుకున్నాడు. లోపల మార్క్ వేలు ఆరో అంకె కోసం గాల్లో వెతుక్కుంటోంది. అంకె నొక్కాల్సిన చేతికి సంకెల పడింది.

చప్పట్లు ఇంకా పెరిగాయి.

శిల్ప పక్క తలుపు వైపు నడిచింది. అక్కడ బాదంపాలు పోస్తున్న ఇద్దరు లేడీ కానిస్టేబుళ్ళు ఆమెకి గ్లాసు ఇవ్వలేదు, జయరావు కనుసైగ చూసి చెరో రెక్కా పట్టుకున్నారు. వేణుగోపాల్ దణ్ణం పెట్టినవాడు పెట్టినట్టే నిలబడిపోయాడు. ఆ చేతులకి బేడీలు వెయ్యడం తేలికైంది.

"రెండో శాలువా ఎందుకు కప్పారు? దొరని అంత గట్టిగా పట్టుకున్నాడేంటి?" అని జనం గోల పెట్టారు. జయరావు మైకు అందుకున్నాడు. జామర్ ఆపేశారు కాబోలు, చెవిలో దాచిన యంత్రంలో బాస్ గొంతు వినపడింది. "నోరు మూసుకుని వచ్చెయ్. కవర్ పోతుంది."

జయరావు చెవిలోంచి ఆ యంత్రం పీకేశాడు.

"అది సత్కారం కాదండీ, అరెస్టు. మొదటి శాలువా కింద వీళ్ళు వేళ్ళతో పాస్‌కోడ్ చెప్పుకున్నారు. ఇంకొక్క అంకె పడుంటే మీ మిర్చి మీది కాకుండా పోయేది. నేను కన్సల్టెంట్‌ని కాదు, గూఢచారిని. బాండ్లు అక్కర్లేదన్నది నా వేషం నిలబడ్డానికి అన్నాను. మీ మేలు కోసం కాదు."

ఎలీసమ్మ లేచి నిలబడింది.

"బాండ్లు అక్కర్లేదని మాకు చెప్పిననాడే దొంగలు పొంచి ఉన్నారని నీకు తెలుసా బాబూ?"

"తెలుసమ్మా. తెలిసే చెప్పాను."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. స్టేజీ ఎక్కి, ల్యాప్‌టాప్ ముందుకి కుర్చీ లాగింది.

"కూర్చో. పేర్లు ఇందులో ఇంకా సరిగ్గానే ఉన్నయ్‌గా? చూసి రాయి. మనిషికో కాగితం. సంతకం నీ అసలు పేరుతో పెట్టు, వేషం పేరుతో కాదు."

వెనక ఆరొందల మంది వరస కట్టారు. జయరావు జేబులోంచి డిపార్టుమెంటు పెన్ను తీసి కాగితం మీద పెట్టాడు. గీత పడలేదు. విదిలించి మళ్ళీ గీశాడు. ఆ పెన్నులో కెమెరా ఉంది, మైకు ఉంది, మత్తుమందు చల్లే గొట్టం ఉంది. ఇంకు లేదు.

ఎలీసమ్మ తన సంచీలోంచి బాల్‌పెన్ను తీసి అతని చేతిలో పెట్టింది.

"నమ్మి ఇవ్వట్లేదు బాబూ, నీ దగ్గర రాసే పెన్ను లేదని ఇస్తన్నా. మూత నా దగ్గరే ఉంటది."