పరదా వెనక సానెట్టు

ప్రొద్దుటూరులో నేను జట్కా తోలే రోజులవి. ఆంధ్రరాష్ట్రం అప్పుడే వచ్చింది. బట్టల వ్యాపారి కమాల్ బాషా కూతురు మహమూదాను స్కూల్లో దింపడం నా పని. నా వీపు వెనక చెక్క, దానిమీద పరదా. పరదా అవతల ఆమె, తోడుగా చెవులు సరిగా వినపడని ఆమె నాయనమ్మ, దాదీ. మాకు మాటలుండకూడదు. ఉన్నాయని తెలిస్తే నాకు పని పోతుంది, ఆమెకు చదువు పోతుంది.

ఒక వానపొద్దు ఆమె ఇంగ్లీషు పద్యం చదువుతోంది. రెండు లైన్లు చదివి ఆగింది. రెండేసి లైన్లకు మాట ముగిసే గజల్ వినే అలవాటు కొద్దీ నోరు జారి, "వాహ్వా!" అన్నాను.

"ఏంది అది?" పరదా వెనక కోపంగా గుసగుస.

"రెండు లైన్లు అయినాయి గదా..."

"నేనూ అట్లే ఆగితి. క్లాసంతా నవ్విరి. ఇది గజల్ కాదంట, సానెట్టంట. పద్నాలుగు లైన్లు. పన్నెండు దాకా మాట సాగుతా పోవాల. కడ రెండింట్లో తేల్చాల. ఇన్‌స్పెక్టరు ముందర తప్పితే మా అబ్బా చదువు మాన్పిస్తాడు."

"మరి దాని నడక?"

ఆమె నా వీపు వెనక చెక్కమీద వేలితో కొట్టింది. ఒకటి తేలిగ్గా, ఒకటి గట్టిగా. అట్లాంటి జతలు ఐదయితే ఒక లైను.

"తెలిసెనా?"

"లేదు. ఇంకోసారి కొట్టు."

"దొంగ!"

దాదీ కదిలింది. అయినా ఆ పొద్దు నుంచి రోజూ ఆ చెక్క మోగుతూనే ఉంది.

ఇన్‌స్పెక్టరు వచ్చిన దినం సాయంత్రం కమాల్ బాషా స్వయంగా స్కూలుకొచ్చి, నా పక్కన ఎక్కాడు.

"పద్యం శానా బాగా చెప్పిందంట. ఇంట్లో ఎవురికీ ఇంగ్లీషు రాదే. యాడ నేర్చుకునింది?"

నేను గుర్రాన్ని అదిలించాను.

"నిన్నే అడుగుతాండా, సర్దార్."

"ఈ బండిలోనే, సేట్."

"నీతో మాట్లాడిందా?"

"మాట్లాడింది."

ఆయన కళ్లెం లాగి బండి ఆపేశాడు.

"ఇల్లొచ్చెనా?" అని దాదీ అరిచింది.

పరదా వెనక నుంచి మహమూదా అంది, "అబ్బా, ఇన్ని దినాలూ భయపడి సాగదీస్తి. ఇప్పుడు తేల్చేస్తా. నా చదువు మాన్పించొద్దు. నిఖా చేస్తే సర్దార్‌కే చెయ్."

ఆయన కళ్లెం తిరిగి నా చేతికిచ్చాడు.

"చదువు అయినాకనే," అన్నాడు. "బండి మీ ఇంటికి తిప్పు. మీ అమ్మనూ అడగాల గదా."

మా ఇంటి దారి నాకు గుర్తు రాలేదు. గుర్రానికి గుర్తుంది.