వాంతి రాని మందు

“మారువేషం ఏమిటి, మేడమ్?” అని వీరభద్ర అడిగాడు.

కర్నూలులోని ఆ కిటికీలు లేని గదిలో నిఘా విభాగం చీఫ్ మధులత అతని బోడితల వైపు చూసి, చూపు తిప్పుకుంది. “మీకు అక్కర్లేదు.”

అతని కీమో గత నెలలోనే ముగిసింది. సెలవు ముగియకముందే పిలుపు వచ్చింది.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. ఒక విదేశీ ముఠా రంగునీళ్లను డాక్సోరుబిసిన్ అనే ఎర్రటి క్యాన్సర్ మందు పేరుతో కడపలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి చేరవేస్తోంది. నాయకుడి కోడ్‌నేమ్ విక్టర్. ఫొటో లేదు. కొత్త సరుకు రోగికి ఎక్కుతుంటే స్వయంగా వచ్చి చూడటం అతని అలవాటు. ముఠా లోపల రిహానా అనే ఏజెంటు ఉంది.

“మన మనిషేనా?”

“వాళ్లూ ఆ ప్రశ్నే వేసుకుంటున్నారు,” అంటూ మధులత పెన్నులాంటి టార్చి అందించింది. “అతినీలలోహిత కాంతి. అసలు మందైతే నారింజ రంగులో వెలుగుతుంది. నకిలీ వెలగదు.”

కడపలో వీరభద్ర రోగిగా కుర్చీలో వాలాడు. చేతికి ఎక్కుతున్నది ఉత్త సెలైన్. పక్క కుర్చీలో రాయచోటి నుంచి వచ్చిన దస్తగిరమ్మ.

“కర్నూల్లో మొదటిసారి ఏసినారు చూడు, పేగులు నోట్లోకొచ్చినాయప్పా! ఈడి మందు శానా మంచిది. వాంతి లేదు, ఏమీ లేదు. జుట్టు గూడా మొలుస్తాండాది!” ఆమె కొంగు తొలగించి మురిపెంగా చూపించింది.

ఆ మొలకలను చూడగానే వీరభద్రకు అర్థమైంది, ఈమెకు ఎక్కించింది రంగునీళ్లేనని. అసలు మందు కణంలోకి పోయి డిఎన్‌ఏ పేటల మధ్య దూరి వాటిని తెంచుతుంది. చావడం మరచిన కణాన్ని చంపుతుంది; ఏ పాపమూ ఎరుగని వెంట్రుకనూ వదలదు. తన ఉద్యోగమూ అలాంటిదేనేమో. గాయపరచకుండా మేలు చేసేది ఏదైనా ఉందా అని అతను చాలాకాలంగా వెతుకుతున్నాడు. అలాంటిది తనకు దొరికిందని ఈమె అనుకుంటోంది.

నల్లకళ్లద్దాలు, మెడికల్ రెప్ బ్యాగు, అత్తరు వాసన. ఒక యువతి అతని పక్కన ఆగింది.

“గండికోటకు దారి యాడ?”

“పెన్ననే అడగాల,” అని వీరభద్ర సంకేతవాక్యం పూర్తిచేశాడు.

రిహానా వంగి గొంతు తగ్గించింది. “విక్టర్ బయట కారులో ఉండాడు. ఈమెకు డ్రిప్ మొదలైతేనే లోపలికొస్తాడు.”

నర్సు ఎర్రని సంచిని స్టాండుకు తగిలించింది. చెవిలో దాచిన ఇయర్‌పీస్‌లో మధులత గొంతు: “ఒక్క డోసు. పోనివ్వండి. మీరు లేస్తే అతను జారుకుంటాడు.”

ఒక్క డోసు. ఇప్పటికే ఎన్ని పోయాయో దస్తగిరమ్మకు తెలియదు. లోపల గడ్డకు మాత్రం తెలుసు. నర్సు వేళ్లు డ్రిప్ చక్రం మీదికి వెళ్లాయి. వీరభద్ర లేచాడు.

రిహానా అతని భుజం నొక్కింది. “ముందు టార్చి ఎయ్యన్నా.”

అరచేతి చాటున వేశాడు. సంచిలోని ఎరుపు నారింజ రంగులో నిప్పుకణికలా వెలిగింది. అతను కూర్చున్నాడు.

“పొద్దున మార్చినా,” అంది రిహానా.

“ముందే చెప్పొచ్చుగా?”

“నేను చెప్తే నమ్ముతావా? మీ మేడమ్ నమ్మదు, వాడూ నమ్మడు. అందుకే టార్చితో చెప్పించినా.”

చుక్కలు మొదలయ్యాయి. లినెన్ చొక్కా తొడుక్కున్న ఒక పొడవాటి మనిషి లోపలికి వచ్చి, ఆ ఎరుపును చూసి తృప్తిగా తలాడించాడు. రిహానా కళ్లద్దాలు తీసింది. వచ్చినవాడే విక్టర్ అనడానికి అదే గుర్తు. సూది గుచ్చి ఉన్న చేతితోనే వీరభద్ర అతని మణికట్టు పట్టుకున్నాడు. తలుపు దగ్గర మఫ్టీ పోలీసులు అప్పటికే నిలబడ్డారు.

“ఎవరప్పా ఆయన?” అంది దస్తగిరమ్మ.

“మందుల వ్యాపారి.”

మర్నాడు వాంగ్మూలం కోసం వెళ్తే ఆమె బేసిన్ మీదికి వంగి ఉంది.

“నువ్వు పోలీసంట గదా! నిన్న ఏసిందే దొంగమందప్పా. ఒకటే వాంతులు. ఒంటేలు గూడా ఎర్రగా పోతాండాది. ముందు ఆ నల్లద్దాల పిల్లను పట్టుకో!”

వీరభద్ర బేసిన్‌ను ఆమె గడ్డం కిందికి జరిపాడు.

“విచారిస్తామమ్మా.”